తప్పు చోట ఉన్న వైరు

కాలేజీ హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడు గిటార్ వాయించేవాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, లెస్ పాల్ ఆకారంలో చేసిన చవకరకం గిటార్. రెండు పికప్‌లు, రెండు వాల్యూమ్ నాబ్‌లు, రెండు టోన్ నాబ్‌లు. ఉద్యోగానికి డాలస్ వెళ్తూ "నీ దగ్గరుంచరా, మళ్ళీ వచ్చి తీసుకుంటా" అని నాకిచ్చి వెళ్ళాడు. పదేళ్ళు దాటింది. వాడు తీసుకోలేదు, నేను పెద్దగా నేర్చుకోనూ లేదు.

ఈ మధ్య నాబ్ తిప్పినప్పుడల్లా బరబరమని చప్పుడొస్తుంటే, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి 500 కిలో ఓమ్‌ల కంట్రోళ్ళు నాలుగు తెచ్చాను. వెనక మూత విప్పి, ఇంటర్నెట్‌లో దొరికిన సర్క్యూట్ బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. లోపలున్నది బొమ్మతో సరిపోలలేదు. వాల్యూమ్ కంట్రోల్‌కి మూడు కాళ్ళుంటాయి. టోన్ వైపు వెళ్ళే కెపాసిటర్, బొమ్మ ప్రకారం, పికప్ వైరు వచ్చి కలిసే చివరి కాలికి ఉండాలి. ఇందులో మధ్య కాలికి ఉంది. ఎవరో తప్పు చేశారనుకున్నా. సరిదిద్దాను. నాబ్‌లన్నీ 10 మీద పెట్టి వాయించి చూస్తే బాగానే ఉంది. మూత బిగించేశాను.

ఆ ఆదివారం వాడికి వీడియో కాల్ చేసి గర్వంగా వినిపించాను. "వాల్యూమ్ సగానికి తగ్గించి వాయించు" అన్నాడు. తగ్గించాను. మీద దుప్పటి కప్పినట్టు ఉంది ధ్వని. "ఇది నా గిటార్ కాదురా" అన్నాడు వాడు, నవ్వుతూనే.

ఆ నవ్వు నాకు బాగా గుచ్చుకుంది. అప్పట్నుంచి ఆ నాబ్‌ల చరిత్ర వెంట పడ్డాను.

ముందు వాటి పనేమిటో చెప్పాలి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నటి రాగి తీగ. ఉక్కు తంత్రి కదిలితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. వాల్యూమ్ నాబ్ ఆ సిగ్నల్లో కొంత బయటికి, మిగతాది గ్రౌండ్‌కి పంపిస్తుంది. టోన్ నాబ్ ఇంకో దారి తెరుస్తుంది: ఒక నిరోధం, దాని వెనక ఒక కెపాసిటర్, ఆ వెనక గ్రౌండ్. కెపాసిటర్ ట్రెబుల్‌ని సులువుగా వదిలేస్తుంది, బేస్‌ని ఆపుతుంది. టోన్ తగ్గిస్తే ట్రెబుల్ ఆ దారిన గ్రౌండ్‌లోకి పోతుంది. పరీక్షల్లో ఈ ఆర్‌సీ ఫిల్టర్ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అది ఏం చేస్తుందో చెవికి తెలిసింది మాత్రం ఇప్పుడే. టోన్ నాబ్ ఏమీ కలపదు. 10 మీద పెడితే తీసెయ్యడం తగ్గిస్తుంది, అంతే.

ఈ అమరిక గిటార్ కోసం పుట్టింది కూడా కాదు. వాల్వు రేడియోల్లో వాల్యూమ్, టోన్ నాబ్‌లు ముందే ఉన్నాయి. 1936లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-150 తెచ్చినప్పుడు దాని మీద ఒక వాల్యూమ్, ఒక టోన్ పెట్టింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ పేరుతోనే ఆ గిటార్ ఇవాళ గుర్తుంది. ఇంకొంచెం ముందుకొస్తే లియో ఫెండర్. ఆయనది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో రిపేర్ షాపు. గిటార్ వాయించడం రాదు. వాయించేవాళ్ళని అడిగి, వాళ్ళ చేతికిచ్చి చూసి, మార్చేవాడు.

ఆయన ఊహకీ వాయించేవాళ్ళ చేతికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ తొలి గిటార్లలోనే కనిపిస్తుంది. 1950లో వచ్చిన బ్రాడ్‌కాస్టర్ (మరుసటేడు టెలికాస్టర్ అయింది) స్విచ్‌కి మూడు స్థానాలు. వాటిలో ఒకటి ట్రెబుల్ మొత్తం తీసేసి, దాదాపు బేస్ గిటార్‌లా మొద్దుగా మోగడానికి. రెండో నాబ్ టోన్ కోసం కాదు, ఒక పికప్‌లోకి రెండోదాన్ని కలపడానికి. 1952లో ఆ నాబ్‌ని టోన్‌గా మార్చారు. దాంతో రెండు పికప్‌లూ కలిసి మోగే దారి మూసుకుపోయింది. ఆ మొద్దు స్థానం మాత్రం 1960ల చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఇవాళ టెలికాస్టర్ అనగానే చాలామందికి వినిపించే ఆ రెండు పికప్‌ల మిశ్రమం, ఆ మధ్య కాలపు గిటార్ స్విచ్‌లో అసలు లేనే లేదు.

1954 స్ట్రాటోకాస్టర్‌ది ఇంకా తమాషా. మూడు పికప్‌లు, మూడు స్థానాల స్విచ్, అంటే ఒక్కసారి ఒక్క పికప్. వాయించేవాళ్ళు ఆ స్విచ్‌ని రెండు స్థానాల మధ్య ఇరికించారు. అప్పుడు రెండు పికప్‌లు కలిసి పలుచని, కాస్త బోలు ధ్వని వచ్చింది. కంపెనీ లెక్కలో లేని ఆ ధ్వని జనానికి నచ్చింది. 1977లో ఫెండర్ కంపెనీయే ఐదు స్థానాల స్విచ్ పెట్టింది. సాహిత్యంలో రచయిత ఉద్దేశం గొప్పదా, పాఠకుడి చదువు గొప్పదా అని మనం వాదించుకుంటాం. ఇక్కడ పాఠకుల చదువు తర్వాతి ముద్రణలో మూలంలోకే ఎక్కింది.

అలాంటి చదువులు చాలానే ఉన్నాయి. 1967 ప్రాంతంలో ఎరిక్ క్లాప్టన్ గిబ్సన్ గిటార్ టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, ఆంప్లిఫయర్‌ని గట్టిగా పెంచి వాయించాడు. ఆ గొంతుకి 'ఉమన్ టోన్' అని పేరే పడింది. ఎడ్డీ వాన్ హాలెన్ సొంతంగా బిగించుకున్న గిటార్‌లో, సర్క్యూట్ మళ్ళీ ఎలా కలపాలో తెలియక పికప్‌ని నేరుగా ఒక్క వాల్యూమ్ నాబ్‌కే కలిపేశానని తనే చెప్పుకున్నాడు. ఆ నాబ్ మీద రాసి ఉన్నది మాత్రం 'టోన్' అని.

ఇక నా వైరు సంగతి. 1952లో మొదలైన లెస్ పాల్ గిటార్లలో ఆ దశాబ్దమంతా కెపాసిటర్ మధ్య కాలికే ఉండేది. ఇప్పటికీ దాన్ని 'ఫిఫ్టీస్ వైరింగ్' అంటారు. చివరి కాలికి పెట్టడం తర్వాత వచ్చిన అలవాటు. వాల్యూమ్ తగ్గించినప్పుడు మామూలుగానే ట్రెబుల్ పోతుంది, ఎందుకంటే కేబుల్ కూడా ఒక చిన్న కెపాసిటరే. కొత్త పద్ధతిలో దానికి తోడు టోన్ దారి నేరుగా పికప్‌కి వేలాడుతుంటుంది. పాత పద్ధతిలో వాల్యూమ్ తగ్గించేకొద్దీ పికప్‌కీ ఆ దారికీ మధ్య నిరోధం పెరుగుతుంది, పికప్ మీద బరువు తగ్గుతుంది, ట్రెబుల్ ఎక్కువ మిగులుతుంది. దీనికో ఇబ్బంది కూడా ఉంది: ఒక నాబ్ తిప్పితే రెండోదాని పని కూడా కొంచెం మారుతుంది. వాల్యూమ్ 10 మీద ఉంటే మాత్రం రెండు పద్ధతులకీ తేడా లేదు. నేను టెస్ట్ చేసింది ఆ ఒక్క చోటే. రోజూ ఆఫీసులో జూనియర్లకి టెస్ట్ కేసుల గురించి క్లాసు పీకేవాణ్ణి నేనే.

మా వాడు హాస్టల్లో ఎప్పుడూ వాల్యూమ్ సగంలోనే ఉంచేవాడు. పక్క గదులవాళ్ళు తిడతారని. పదేళ్ళుగా వాడి చెవిలో ఉన్నది ఆ సగం వాల్యూమ్ ధ్వని. నేను బొమ్మ చూసి సరిచేసింది దాన్ని.

మళ్ళీ మూత విప్పి వైరు మధ్య కాలికి మార్చాను. వాడికి కాల్ చేసి, వాల్యూమ్ 5 మీద పెట్టి, నాకొచ్చిన నాలుగు కార్డులూ వాయించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఆ, ఇదే" అన్నాడు. ఆ వైరు అక్కడ ఎవరు పెట్టారని అడిగితే, "నేను కొన్నప్పటికే అలా ఉందిరా, విప్పి చూడలేదెప్పుడూ" అన్నాడు.

మూత బిగించేముందు లోపల ఒక చీటీ అంటించాను. "కెపాసిటర్ మధ్య కాలికి ఉండటం తప్పు కాదు. మార్చే ముందు వాల్యూమ్ తగ్గించి వినండి."