రాత్రినాటకము - భరతుని కాలనియమము

తెల్లవాఱువఱకు జనులు మేలుకొని యాటపాటలఁ జూచుట యాంధ్రదేశమునఁ జిరకాలాగతమగు నాచారము. శివరాత్రి యుత్సవమునకు శ్రీశైలము చేరిన జనుల నాటలను, పాటలను, బొమ్మలాటలను బాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమున వర్ణించియున్నాఁడు. జాగరణశబ్దమునకు మూలమైన జాగృధాతువునకు నిద్రాక్షయ మర్థము. ఆ నిద్రాక్షయము భక్తికొఱకా, వినోదముకొఱకా యని ధాతువు నియమింపలేదు. మనవారు రెంటిని నొక్కరాత్రియందే సాధించిరి.

ఐన నిందొక విరోధము గలదు. భరతముని నాట్యశాస్త్రము 27వ యధ్యాయమునఁ బూర్వాహ్ణము, అపరాహ్ణము, ప్రదోషము, ప్రభాతము మున్నగు ప్రయోగకాలములను విధించి, మధ్యాహ్నమునందును, సంధ్యయందును, భోజనవేళయందును, అర్ధరాత్రమునందును నాటకము కూడదని నిషేధించెను. మన నాటకములో సరిగా నర్ధరాత్రముననే రక్తికట్టును. కావున మనయాచారము శాస్త్రదూష్య మగునా?

తెనాలిని దృష్టాంతముగాఁ గొందము. అచ్చటి శ్రీరామవిలాససభ పద్యనాటకమునకుఁ బెట్టినపేరు. 1902లో బాపట్లయందు జనించిన స్థానం నరసింహారావు ఆ సభారంగముననే స్త్రీపాత్రలు ధరించి, ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణతులాభారమున సత్యభామగాఁ బ్రసిద్ధి కెక్కెను. 1956లో పద్మశ్రీ బిరుదము నందెను. తెనాలికిఁ జేరువనున్న సుద్దపల్లిలోఁ బుట్టిన కల్యాణం రఘురామయ్య శ్రీకృష్ణపాత్రమునను, ఈలపాటయందును ఖ్యాతిఁ గాంచెను. హార్మోనియపు శ్రుతిపై నొక పద్యము రాగాలాపనతో సాగి ముగియఁగనే సభలోనుండి "వన్సుమోర్" అను కేక లేచును. నటుఁడు మరల నదే పద్యము నెత్తుకొనును. ఇట్లు ప్రదోషమున మొదలైన నాటకము ప్రభాతమును జేరుచుండెను. పగలెల్లఁ బొలమునందో మగ్గముకడనో యుండువానికి రాత్రి తప్ప వేఱు తీఱిక యేది? ఈ దైర్ఘ్యమునకు ప్రేక్షకుని యిచ్ఛయే హేతువు.

ఈ విరోధమునకు భరతుఁడే పరిహారము చెప్పియున్నాఁడు. భర్త యాజ్ఞాపించినప్పుడు ప్రయోక్తలు దేశకాలములఁ బరీక్షింపక ప్రయోగింపవలయు ననుట యా యధ్యాయమందలి విశేషవిధి. సామాన్యమును విశేషము బాధించుట సర్వసమ్మతము. ఇఁక భర్త యెవ్వఁడు? రూఢిచే రాజు లేదా ప్రభువు. యోగముకంటె రూఢి బలవత్తర మనుట నిజమే. కాని రూఢ్యర్థ మసంభవ మైనచోట యోగార్థము గ్రాహ్యము. భృఞ్ ధాతువునకు భరణ మర్థము. తృచ్ప్రత్యయముచే భరించువాఁడు భర్త. తెనాలి నాటకమును భరించినవాఁడు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుఁడు. వాని "వన్సుమోర్" భర్త్రాజ్ఞయే. కావున నిషేధమునకుఁ బ్రసక్తి లేదు.

భరించువానికే యాజ్ఞాధికార మను నీ న్యాయమునకు మఱియొక సాక్ష్యము పేరాల. 1919లో మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాలలను మునిసిపాలిటిగాఁ జేయఁగా సాలుకు సుమారు 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయల కెక్కెను. భారము మోయువారి సమ్మతి లేని యీ మార్పును బ్రజ లంగీకరింపలేదు. 1921 ఏప్రిలులో గాంధీ చీరాలకు వచ్చిన పిమ్మట వారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున నిండ్లు విడిచి, యెల్లలకు వెలుపల రామనగరమునఁ బాకలు వేసికొని, యెండవానలకోర్చి సుమారు పదునొకండు నెలలు నివసించిరి. నాయకుఁడు కారాగృహమునకుఁ బోయెను. జనులు తుద కిండ్లకు మరలిరి. ఆపాటున మునిసిపాలిటి తొలఁగలేదు. ఐనను వారు వేసిన ప్రశ్న మిగిలినది.

ఆ దుగ్గిరాలయే 1917లో ఆనంద కుమారస్వామితోఁ గలిసి నందికేశ్వరుని అభినయదర్పణము నాంగ్లీకరించి హార్వర్డు విశ్వవిద్యాలయముద్రణమున వెలువరించినవాఁడు. మనోమోహన ఘోషుని కలకత్తా పరిష్కరణమునకు (1934) ఇది పదునేడేండ్లు ముందు. రామదండు నడపిన యాంధ్రరత్నమును బాఠశాలలలో బోధింతుము. అభినయదర్పణము నెత్తిన పండితుని విస్మరింతుము. అభి యను నుపసర్గముతోడి నీధాతువువలన నభినయశబ్దము సిద్ధించినది. అర్థమును బ్రేక్షకుల యభిముఖమునకుఁ గొనిపోవుట దాని తాత్పర్యము. శాస్త్రమును జనాభిముఖముగాఁ గొనిపోయిన యతనియందీ శబ్దము సార్థకము.

పేరాల నేఁడు చీరాలలోఁ గలసిపోయి, 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాలో నున్నది. రాత్రినాటకములు విరళములైనవి. నాటకప్రతులు పుస్తకశాలలలో దొరకును గాని, ఏ పద్య మేరాగమునఁ బాడిరో, ఎచ్చట సభ మరల నడిగెనో ప్రతులలో లేదు. అది చూచినవారి జ్ఞప్తిలో మాత్రమే కలదు. వారు వృద్ధులు. తాళపత్రములను వెదకి యూరూరఁ దిరుగు మన మా వృద్ధులకడ కేఁగి విని వ్రాసికొనుట పరిశోధనము కాదా? పాఠశాలాపండితులు తమ తమ గ్రామములయం దీ పనికిఁ బూనుకొందురుగాక.