చేతి స్నాయువుల శస్త్రచికిత్స తరువాతి పునరావాసం

చేతిలో తెగిన స్నాయువును కుట్టిన తరువాత కట్టుబద్ద అమర్చి, క్రమబద్ధమైన వ్యాయామాలతో వేళ్ళ కదలికను తిరిగి రాబట్టే చికిత్సను చేతి స్నాయువు పునరావాసం అంటారు. స్నాయువును ఆంగ్లంలో టెండాన్ అని, కట్టుబద్దను స్ప్లింట్ అని వ్యవహరిస్తారు. కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి కణజాలమే స్నాయువు. వాడుకలో "నరం తెగింది" అన్న మాట స్నాయువుకు, నాడికి, రక్తనాళానికి కూడా చెల్లుతుంది గాని, ఈ మూడూ వేర్వేరు.

నిర్మాణం

వేళ్ళను ముడిచే ముఖ్య కండరాలు ముంజేతిలో ఉన్నాయి. వాటి స్నాయువులు మణికట్టు, అరచేయి దాటి వేళ్ళకు చేరుతాయి. బొటనవేలు తప్ప ప్రతి వేలికీ ఇవి రెండేసి ఉంటాయి. ఒకటి వేలి మధ్య ఎముకకు, రెండవది చివరి ఎముకకు అతికి ఉంటుంది. వేలిలో ఈ రెండూ ఒకే ఇరుకైన తొడుగులో జారుతూ కదులుతాయి.

చికిత్సలోని చిక్కు

కుట్టిన స్నాయువును కదలనీయకపోతే అది మానుతూ చుట్టూ ఉన్న తొడుగుకు అంటుకుపోతుంది, వేలు బిగుసుకుపోతుంది. అదుపు లేకుండా కదిలిస్తే కుట్టు తెగిపోతుంది. ఈ రెంటికీ మధ్య మార్గమే పునరావాసం.

చరిత్ర

అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఈ ఇరుకు తొడుగు గల భాగాన్ని "ఎవరికీ చెందని నేల" అని పేర్కొని, అక్కడ తెగిన స్నాయువును వెంటనే కుట్టరాదని బోధించాడు. 1960లలో లూయీవిల్ నగరానికి చెందిన హెరాల్డ్ క్లైనెర్ట్, ఆయన సహచరులు అక్కడ కూడా వెంటనే కుట్టి మంచి ఫలితాలు సాధించారు. వారి పద్ధతిలో రోగి వేలిని తానే చాపుతాడు, గోటికి తగిలించిన రబ్బరు బ్యాండు దానిని తిరిగి ముడుస్తుంది. 1975లో డురాన్, హౌసర్ అనేవారు వేలిని రెండవ చేతితో ముడిచి చాపే పద్ధతిని ప్రకటించారు. నేడు కుట్టు దృఢంగా ఉన్నచోట రోగి తన వేలిని తానే మెల్లగా ముడిచే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది.

కట్టుబద్ద

ముడిచే స్నాయువును కుట్టినపుడు కట్టుబద్దను చేతి వెనుకవైపు అమరుస్తారు. వేడి నీటిలో మెత్తబడే ప్లాస్టిక్ పలకతో దీనిని చేతి ఆకృతికి తగినట్లు తయారుచేస్తారు. వేళ్ళ మొదటి కీళ్ళు వంగి, మిగిలిన కీళ్ళు చాచి ఉంటాయి. వేళ్ళు వెనుకకు అతిగా చాగకుండా ఇది ఆపుతుంది. సాధారణంగా సుమారు 6 వారాలపాటు రాత్రింబవళ్ళు ధరించాలి.

చాచే స్నాయువుల విషయంలో అమరిక వేరుగా ఉంటుంది. వేలి చివరి కీలు వద్ద స్నాయువు తెగి కొస వాలిపోతే, తరచు శస్త్రచికిత్స లేకుండానే, ఆ కీలును 6 నుండి 8 వారాలు నిటారుగా ఉంచుతారు. మధ్యలో ఒక్కసారి వంగినా సాధారణంగా గడువును మొదటినుండి లెక్కించాలి.

వ్యాయామ క్రమం

శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకే, కట్టుబద్ద ఉండగానే, వ్యాయామాలు మొదలవుతాయి. 6 వారాల తరువాత తేలిక పనులు, సుమారు 12 వారాల తరువాత బరువు పనులు చేయనిస్తారు. సూచనలు పాటించలేని చిన్నపిల్లలకు మాత్రం 3 నుండి 4 వారాలు కదలకుండా కట్టు వేస్తారు.

జాగ్రత్తలు

* నొప్పి తగ్గినంత మాత్రాన స్నాయువు మానినట్లు కాదు. మొదటి వారాలలోనే కుట్టు తెగే ప్రమాదం ఎక్కువ.
* స్నానానికైనా, నిద్రకైనా కట్టుబద్దను స్వయంగా తీయరాదు.
* ఆ చేతితో బరువులు ఎత్తరాదు, గట్టిగా పట్టుకోరాదు.
* వాపు తగ్గడానికి చేతిని గుండెకంటే ఎత్తులో ఉంచాలి.
* వేలు హఠాత్తుగా ముడవలేకపోయినా, లోపల ఏదో తెగినట్లు అనిపించినా వెంటనే శస్త్రవైద్యుని సంప్రదించాలి. ఆలస్యమైన కొలదీ తిరిగి కుట్టడం కష్టమవుతుంది.

ఫలితాలు

గాయం తగిలిన చోటు, దానితోపాటు నాడి లేదా ఎముక దెబ్బతినడం, వ్యాయామాలలోని శ్రద్ధ ఫలితాన్ని నిర్ణయిస్తాయి. వేలు బిగుసుకుపోయి నెలల తరబడి వ్యాయామం చేసినా మెరుగుపడకపోతే, అంటుకున్న స్నాయువును విడదీసే మరొక శస్త్రచికిత్స చేస్తారు. దాని తరువాత కూడా వ్యాయామం తప్పనిసరి.