శేషం వెండితెరపై

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమన్నారు. రాజుల చరిత్ర నాకు రాదు. నేను దాచుకున్న సినిమా పాటల పుస్తకాల చరిత్ర చెబుతాను.

మా చిన్నతనంలో చుట్టుపక్కల టూరింగ్ టాకీసు దిగిందంటే అప్పనపల్లి నుంచి గోదావరి గట్టు వెంట నడిచి పోయేవాళ్లం. ఇంటర్వెల్లులో పాటల పుస్తకాలు అమ్మేవారు. అందులో నటీనటుల పేర్లు, పాటలు, కథ ఉండేవి. కథను మాత్రం రసపట్టులో ఆపి, శేషం వెండితెరపై చూడమనేవారు. ఆ నాసిరకం కాగితాలే నేడు ఆధారాలయ్యాయి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే దొరకలేదు. పాత నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది. తరువాతిది ఉక్కకు పాడై వెనిగర్ వాసన కొట్టేది. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. ఆడని సినిమా రీళ్లను అంతవరకు ఎవరు దాస్తారు?

నాకు ఆ ఆడని ప్రేమకథలే ఇష్టం. 'చివరకు మిగిలేది' (1960) పేరు బుచ్చిబాబు నవలది, కథ బెంగాలీది. ప్రేమ నటించి రోగికి నయంచేసి, తానే మతి చెడే నర్సుగా సావిత్రి నటన చూసి తీరవలసిందే. ఆ కథే హిందీలో 'ఖామోషీ' (1969) అయింది.

ఇక 'బాటసారి' (1961). 'దేవదాసు' (1953) లాగే శరత్ కథ, నాగేశ్వరరావే నాయకుడు. భానుమతి భర్త రామకృష్ణ దర్శకుడు, మాస్టర్ వేణు సంగీతం. దేవదాసు తాగి ఏడ్చాడు గనుక లోకం గుర్తుంచుకుంది. ఇక్కడ వితంతువు మాధవి, లోకజ్ఞానం లేని సురేంద్రుడు. మనసులో మాట పైకి అనరు. నా దృష్టిలో ఇదే గొప్ప కథ.

ఆ సినిమాకు మా మేనత్తతో వెళ్లాను. బాల్యంలోనే భర్త పోయిన మనిషి. ఆట వదిలినా నేలమీంచి లేవలేదు. చివరికి, "ఆ పుస్తకం కొనిపెట్టరా అబ్బాయ్" అంది. ఆవిడ పాడగా ఇంట్లో ఎవరమూ వినలేదు. పోయాక ట్రంకుపెట్టెలో భగవద్గీత కింద దొరికింది.

1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగినప్పుడు నా పుస్తకాలు నీళ్లలో ముద్దయ్యాయి. ఎండబెడితే కొన్నే మిగిలాయి. ఆవిడ పెట్టె అటకమీద ఉండి బతికింది. ఆఫీసు అలవాటుకొద్దీ మిగిలినవాటికి రిజిస్టరు రాశాను. ఒకటో నంబరు 'బాటసారి'. వివరాలన్నీ నింపాను గాని, 'ఎవరిది' అన్న గడి దగ్గర కలం ఆగింది. అది ఇంకా ఖాళీగానే ఉంది.