పరంజా కట్టించిందెవరు?

పాలమూరు మనిషి చెయ్యి పడని ప్రాజెక్టు దేశంలో లేదని మా ఊళ్లో పెద్దలు చెప్పుకునేవాళ్లు. మాటలో కొంత పొంగు ఉండవచ్చు గానీ, ‘పాలమూరు లేబర్’ అన్న పేరు ఊరికే పుట్టలేదు. కాలం కాని ఏడు ఊళ్లు సగం ఖాళీ అయ్యేవి. గుంపు మేస్త్రీ వచ్చి, పెళ్లికో పాత అప్పుకో అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను కలిపి లారీ ఎక్కించేవాడు.

మా నాయిన అలాగే నాగార్జునసాగర్‌కు పోయాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం అది. యంత్రాలు కొనడానికి విదేశీ మారకం దొరకని రోజులు, మనుషులు మాత్రం చవక. అందుకని రాతితో కట్టారు. 124 మీటర్ల ఎత్తుకు ఆ రాయిలో చాలామటుకు మనుషుల భుజాల మీదనే ఎక్కింది. పరంజాల మీద చీమల బారులా కదిలే ఆ జనం ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాయిన తలకు రుమాలు చుట్టుకునేవాడు, కాళ్లకు ఏమీ లేదు. పైనుంచి కేక వినబడితే తలెత్తి చూడొద్దు, గోడకు అతుక్కోవాలి అని చెప్పేవాడు. ఆ జాగ్రత్త ఆయనకు నేర్పింది ఏ ఇంజనీరూ కాదు, పక్కన రాయి మోస్తున్న మనిషి. పడకుండా చూసుకోవడం పడేవాడి పనే అన్నది అప్పటి కట్టుబాటు.

నేను లాయరునయ్యాక చేతికి వచ్చినవి ఎక్కువగా నష్టపరిహారం కేసులే. వాటికి మూలం 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం. ఆ కాలానికి అది చిన్న అడుగు కాదు. కూలీని పెట్టుకున్నది కంట్రాక్టరే అయినా, అసలు పని ఎవరిదో వాళ్ల దగ్గర పరిహారం రాబట్టుకోవచ్చని 12వ సెక్షన్ అప్పుడే చెప్పింది. అయినా నేను చదివిన కౌంటర్లలో మొదటి మాట దాదాపు ఒక్కటే: మృతుడు మా కూలీ కాడు. మస్టరులో పేరుండదు. మేస్త్రీ పేరు మీద వోచరు ఉంటుంది, చచ్చినవాడి పేరు మీద ఏ కాగితమూ ఉండదు. భర్త ఆ సైటులోనే పనిచేశాడని రుజువు చేయడానికి పక్క గుడిసెవాళ్లను సాక్ష్యానికి పిలుచుకొచ్చిన ఆడవాళ్లు నాకు తెలుసు.

కేసు నిలబడ్డాక మరణ పరిహారం లెక్కకు రెండే కావాలి: వయసు, నెల జీతం. జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టమిచ్చిన అంకెతో హెచ్చవేస్తే సొమ్ము తేలుతుంది. పరంజా కట్టించిందెవరు, కర్ర పుచ్చిందా, తాడు పాతదా అన్నవి ఆ లెక్కలోకి రావు. యజమాని తప్పు చూపించకుండానే డబ్బు వస్తుంది కనుక కుటుంబానికి అది మేలు. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ ఆ ప్రశ్నలు అడగవలసిన చోటు ఇంకెక్కడా లేకపోవడమే నన్ను బాధించేది.

1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రానికి కంచె వేయమంది. ఆ ఫ్యాక్టరీకే గోడలు లేపే తాపీ మేస్త్రీకి, ఇటుకలు మోసే ఆడమనిషికి ఆ రక్షణ అందలేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్నప్పుడు రోజుకు 9.25 రూపాయల కూలిలో జమాదారు రూపాయి కోసుకుంటున్న సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. భవన నిర్మాణం ప్రమాదకరమైన పని, పద్నాలుగేళ్లలోపు పిల్లలను అందులో పెట్టరాదని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. కంట్రాక్టర్ల చాటున ప్రభుత్వం తప్పించుకోలేదని కూడా అన్నారు. ఆ తర్వాత జస్టిస్ కృష్ణయ్యర్ వంటివారు ముందుండి ప్రత్యేక చట్టం కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు.

అది 1996లో వచ్చింది. పనిచోట ఎడతెగని పర్యవేక్షణ, ప్రమాదం జరగకుండా చూడడం యజమాని బాధ్యత అని 44వ సెక్షన్ రాసింది. ఐదువందల మంది ఉన్న సైటుకు సేఫ్టీ ఆఫీసరు, యాభై మందికి మించి ఆడవాళ్లుంటే పిల్లలకు బాలవాడి. చస్తే ఇంత అని చెప్పడానికీ, చావకుండా చూడమని చెప్పడానికీ మధ్య 73 ఏళ్లు గడిచాయి.

చట్టంతో పాటే కూలీల సంక్షేమానికి సెస్సు పెట్టారు. 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు బయటపెట్టింది. ఆ డబ్బులో కొంత లాప్‌టాప్‌లకు, వాషింగ్ మెషీన్లకు పోయిందని చదివిన రోజు నాకు అన్నం దిగలేదు.

చట్టం వచ్చాక కూడా 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన విజయనగరం జిల్లావాళ్లు చాలామంది. 2025 ఫిబ్రవరిలో మా పాత పాలమూరు జిల్లాలోనే, ఎస్ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మావాళ్లు బయటి రాష్ట్రాల డ్యాముల్లో ఎలా బతికారో, వాళ్లు ఇక్కడ అలా బతకడానికొచ్చారు.

1996 చట్టాన్ని పార్లమెంటు 2020లో కొత్త వృత్తి భద్రతా కోడ్‌లో కలిపింది. సేఫ్టీ ఆఫీసరును పెట్టాల్సిన సంఖ్య 500 నుంచి 250కి దిగింది, అది మంచిదే. కానీ యాభై లక్షల లోపు ఖర్చుతో ఎవరైనా సొంతానికి కట్టుకునే ఇల్లు దాని కిందికి రాదు. మహబూబ్‌నగర్ అడ్డా మీద పొద్దున్నే నిలబడేవాళ్లను ఎక్కువగా పిలిచేది అలాంటి ఇళ్ల పనికే. అందుకే అడ్డా దగ్గర సంఘం వాళ్లతో ఒక నోటుబుక్కు పెట్టించాను. ఎవరు ఏ వీధికి పోతున్నారు, పిలిచిన ఇంటి యజమాని పేరేమిటి, ఫోను నంబరెంత అని అందులో రాసుకుంటారు. మేస్త్రీ పేరు ఒక్కటే రాస్తే సరిపోదని, యజమాని పేరు పడ్డాకే ఆటో ఎక్కమని చెబుతున్నాం.