హార్వర్డ్‌లో విద్యార్థిగా ఎల్లాప్రగడ సుబ్బారావు



మీ రక్తపరీక్ష నివేదికలో ‘ఫాస్ఫరస్’ అనే వరుసను ఎప్పుడైనా గమనించారా? మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు ఆ అంకె పెరుగుతుంది. పిల్లలలో రికెట్స్ వచ్చినప్పుడు సాధారణంగా తగ్గుతుంది. దానిని సులభంగా, నమ్మకంగా కొలిచే పద్ధతిని 1925లో లోకానికి అందించిన ఇద్దరిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగు విద్యార్థి. శాస్త్రవేత్తగా ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని గురించి మీరు చదివే ఉంటారు. ఈ వ్యాసంలో ఆయన విద్యార్థి జీవితాన్ని మీ ముందు ఉంచదలచుకున్నాను.

1895 జనవరి 12న జన్మించిన సుబ్బారావు బాల్యంలో చదువులో రాణించినవాడు కాదు. మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణుడు కావడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆ తరువాత మద్రాసులో ఉన్నత విద్య ముగించి అక్కడి వైద్య కళాశాలలో చేరాడు. ఆ కాలంలోనే కుటుంబంపై పిడుగు పడింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారసారాన్ని గ్రహించలేవు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనత రోగిని క్రమంగా క్షీణింపజేస్తాయి. కొంతకాలానికి సుబ్బారావుకూ అదే వ్యాధి సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నాడు.

వైద్య విద్యలో మరొక దెబ్బ తగిలింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స బోధించే ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. పరీక్షలు బాగానే వ్రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రం మాత్రమే చేతికి వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ, విదేశాలలో చదివే అవకాశం కోసం ఎదురుచూశాడు. మామగారి సహాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా తోడై, 1920ల ఆరంభంలో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరాడు. భార్య శేషగిరి గారు స్వదేశంలోనే ఉండిపోయారు. ఆ దంపతులు మరల కలుసుకోలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఆయన డిప్లొమా చదువు మొదలైంది. ఎల్.ఎం.ఎస్.తో అక్కడ వైద్యునిగా పనిచేసే అర్హత లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశాడు. మద్రాసులో వైద్యం చదివి, కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి ఈ పనికి సిద్ధపడ్డాడని గుర్తుంచుకోండి. రాత్రి ఆసుపత్రి, పగలు తరగతి గది: అదీ ఆయన దినచర్య.

డిప్లొమా తరువాత హార్వర్డ్ వైద్య పాఠశాలలోని జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు చేరాడు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్‌ను కొలవడం వారు చేపట్టిన పని. నమూనా నుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవానికి ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ దానితో కలిసి సంయోగ పదార్థంగా మారుతుంది. ఆపైన క్షయకరణ ద్రవ్యం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కన. ఆ రంగును, తెలిసిన మోతాదుతో తయారుచేసిన మరొక ద్రావణపు రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలుతుంది. వైద్య విద్యార్థులు తరతరాలుగా నేర్చిన ‘ఫిస్కే–సుబ్బారావు పద్ధతి’ ఇదే. నేటి యంత్రాలలోనూ ఫాస్ఫరస్ పరీక్షకు మాలిబ్డేట్ చర్యే ఆధారం.

ఈ పద్ధతిని కండరంపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. రంగు రావలసినంత వేగంగా రాలేదు; సమయం గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. పొరపాటుగా భావించి ఆ నమూనాను పారబోసి ఉండవచ్చు. వారు మాత్రం కారణం వెదికారు. కండరంలో సులభంగా విడిపోయే ఒక ఫాస్ఫరస్ సంయోగం ఉందనీ, అది ఆమ్లంలో మెల్లగా విచ్ఛిన్నమవుతూ ఫాస్ఫేట్‌ను విడుదల చేస్తోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం శ్రమించినప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతిలో తిరిగి సమకూరుతుంది. 1927లో వెల్లడైన ఈ విషయం, కండర శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతాన్ని కదిలించింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఇక్కడ, లోమన్ జర్మనీలో, ఏ.టి.పి.ని విడివిడిగా కనుగొన్నారు. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు మీ కంటి కండరాలు ఖర్చు చేస్తున్నది ఆ పదార్థాన్నే. 1930లో సుబ్బారావు జీవరసాయన శాస్త్రంలో పిహెచ్.డి. పట్టా పొందాడు.

1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలలకు మారాడు. ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులలో రక్తహీనతను తగ్గించింది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఔషధం అందినప్పుడు ఆయన మనసులో ఏమి మెదిలిందో మనం ఊహించుకోవలసిందే. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ కూడా అక్కడి కృషి ఫలితమే. గోదావరి జిల్లాల వారికి ఆ మాత్ర సుపరిచితం. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశాడు.

ఈ చరిత్రతో ముడిపడిన మూడు జాగ్రత్తలు వైద్యునిగా మీకు చెప్పాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందునుండే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, శిశువుకు వెన్నుపాము లోపాలు కలిగే ప్రమాదం చాలా తగ్గుతుంది. బి12 లోపం ఉన్నవారు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకున్నట్లు కనిపించినా నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. కనుక పరీక్ష చేయించుకోండి. ఆ బృందం కృషి నుండే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడేవారు వారానికి ఒకసారి మాత్రమే, వైద్యుడు చెప్పిన రోజున తీసుకోవాలి. పొరపాటున ప్రతిరోజూ మింగితే ప్రాణాపాయం.

మీ ఇంట్లో పరీక్ష తప్పిన పిల్లవాడు గానీ, కోరిన పట్టా దక్కని అమ్మాయి గానీ ఉంటే, ఈ సాయంకాలం పక్కన కూర్చోబెట్టుకుని, మెట్రిక్యులేషన్ మూడుసార్లు వ్రాసిన ఈ భీమవరం కుర్రవాని సంగతి చెప్పండి.