ఫ్రీవీల్ నుంచి గేరు మీట దాకా: సైకిల్ మరమ్మతు చరిత్ర, పరిభాష – బోనకల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

గేర్లున్న రోడ్డు సైకిళ్లలో హ్యాండిల్ దగ్గరి గేరు మీట కొన్నేళ్లకు పట్టేయడం తరచుగా కనిపించే సమస్య. దీన్ని కొత్త యంత్రానికి వచ్చిన కొత్త చిక్కుగా భావించి, మీటనే మార్చివేయడం పరిపాటి అవుతోంది. అయితే ఈ మీట లోపలి యంత్రాంగమూ, మన గ్రామాల్లోని పాత నల్ల సైకిల్ ఫ్రీవీల్ యంత్రాంగమూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. రెండూ పట్టేయడానికి ప్రధాన కారణం ఒకటే, విరుగుడూ ఒకటే. ఖమ్మం జిల్లా బోనకల్ నేపథ్యంలో సైకిల్ చరిత్రను, 'ఓవరాయిలింగ్' అనే వృత్తిపదాన్ని ఆధారం చేసుకొని ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సైకిల్, గేరు మీట, ఫ్రీవీల్, ఓవరాయిలింగ్, వృత్తిపదాలు, బోనకల్.

1. ఉపోద్ఘాతం:

కళాశాలకు వెళ్లిరావడానికి నేను వాడే గేర్ల సైకిల్‌కు ఒక వానాకాలం తరువాత కుడిచేతి మీట పనిచేయడం మానేసింది. నొక్కితే ఖాళీగా ఊగుతుంది తప్ప 'టక్' మనే చప్పుడు రాదు, గేరు మారదు. నగరంలోని ఒక దుకాణంలో మీట మొత్తం మార్చాలన్నారు. బోనకల్‌లో సైకిళ్లు బాగుచేసే ఒక పెద్దాయన మొదట గేర్ల సైకిల్ తన పని కాదన్నారు. తరువాత మీటను చెవి దగ్గర పెట్టుకొని నాలుగైదుసార్లు ఊపి చూసి, ఇది ఫ్రీవీల్ జబ్బేనని తేల్చారు. ఆ మాట యంత్రశాస్త్రరీత్యా ఎంత సరైనదో తెలుసుకొనే ప్రయత్నమే ఈ పరిశీలనకు మూలం.

2. బోనకల్ – రైలు, కాలువ, సైకిలు:

బోనకల్ ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. కాజీపేట–విజయవాడ రైలుమార్గంలో ఖమ్మానికి, మధిరకు నడుమ ఉన్న స్టేషన్. నిజాం రాజ్యంలోని ఈ మార్గం 1889లో బెజవాడ దాకా పూర్తయింది. నిజాం కాలంలో ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం ప్రాంతం ఈ జిల్లాలో చేరి, 2016లో కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఈశాన్యాన అడవి ఉండగా, బోనకల్ వైపు నేల ప్రధానంగా మైదానం. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు చెందిన బోనకల్ బ్రాంచి కాలువ ఈ ఊరి పేరుతోనే ఉంది.

ఈ భౌగోళిక వివరాలు సైకిల్ చరిత్రకు అవసరం. రైలు దిగిన మనిషి పల్లెకు చేరాలన్నా, రైతు కాలువ గట్టు వెంట పొలానికి వెళ్లాలన్నా, ఉపాధ్యాయుడు బడికి చేరాలన్నా మైదానపు ఊళ్లలో సైకిలే అనువైన వాహనం. సొంత సైకిల్ లేనివారికి గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిల్ టాక్సీలు ఉండేవి. అద్దెకిచ్చిన దుకాణమే మరమ్మతు కేంద్రం కూడా. రాజకీయాల్లోనూ సైకిల్ సామాన్యుని వాహనంగానే గుర్తింపు పొందింది. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లడం ప్రసిద్ధం. 1982లో ఏర్పడిన తెలుగుదేశం పార్టీ సైకిల్‌నే తన గుర్తుగా చేసుకొంది.

మరోవైపు, వేసవి దుమ్ము, వానాకాలపు తడి ఒకదాని వెంట ఒకటి వచ్చే నేల ఇది. దుమ్ము గ్రీజులో కలుస్తుంది, ఎండకు గ్రీజులోని నూనె ఆరిపోతుంది, మిగిలినది జిగురవుతుంది. సైకిల్ మరమ్మతులో ఎక్కువ భాగం ఈ జిగురుతో చేసే పోరాటమే.

3. యంత్ర పరిణామం:

1885లో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన 'రోవర్' సైకిల్‌తో రెండు సమాన చక్రాలు, వెనుక చక్రానికి గొలుసు ఉండే నేటి రూపం స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1896లో బౌడెన్ పేటెంటు పొందిన తీగ, అంటే తొడుగులో కదిలే ఉక్కు తీగ, తరువాతి కాలంలో బ్రేకులకూ గేర్లకూ ఆధారమైంది. 1890ల చివర ఫ్రీవీల్ వాడుకలోకి రావడంతో, తొక్కడం ఆపినా సైకిల్ ముందుకు సాగే వీలు కలిగింది.

గేర్లు పోటీల రంగంలోనూ ఆలస్యంగానే ఆమోదం పొందాయి. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పోటీల్లో గొలుసును ఒక పళ్లచక్రం మీది నుంచి మరొకదాని మీదికి మార్చే డిరైలర్‌ను 1937లో గాని అనుమతించలేదు. ఆనాటి గేరు మీట కేవలం రాపిడితో నిలిచేది. ఎంత జరపాలో తొక్కేవాడు చెవితో, చేతితో తెలుసుకొనేవాడు. జపాన్ సంస్థ షిమానో 1984లో ఒక్కో మెట్టుకు ఒక్కో 'టక్' ఉండే మీటను, 1990లో బ్రేకును, గేరును ఒకే పిడిలో కలిపిన మీటను తెచ్చింది. 1992లో ఇటలీ సంస్థ కంపాగ్నోలో తన సొంత పద్ధతిలో అటువంటిదే తెచ్చింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. 1921లో సకాయి పట్టణంలో స్థాపితమైన షిమానో మొదట తయారుచేసిన వస్తువు ఫ్రీవీల్. ఫ్రీవీల్‌లోని పళ్లచక్రం, దాని మీద స్ప్రింగు బలంతో ఆనే ఉక్కు నాలుక – ఈ జంటే గేరు మీటలోకీ చేరింది. కొలత తగ్గింది, పని మారింది, సూత్రం మారలేదు.

మన దేశంలో హింద్ సైకిల్స్ (1939), టీఐ సైకిల్స్ (1949), అట్లాస్ (1951), సెన్-రాలీ (1952), హీరో (1956) వంటి సంస్థలు గ్రామాలకు అందించినది ప్రధానంగా గేర్లు లేని నల్ల సైకిల్. 22, 24 సైజుల ఫ్రేము, బరువైన క్యారేజీ, ఒకే ఒక్క ఫ్రీవీల్ దాని లక్షణాలు. అందువల్ల గ్రామీణ మెకానిక్‌కు గేరు మీట పరిచయం కాకపోయినా, దాని లోపలి జంట తరతరాలుగా పరిచితమే.

4. మీట పట్టేయడం – కారణం, మరమ్మతు:

ఫ్రీవీల్‌లో గ్రీజు జిగురైతే ఉక్కు నాలుక పైకి లేవదు. పళ్లను పట్టుకోదు. పెడల్ ఖాళీగా తిరుగుతుంది, చక్రం కదలదు. గేరు మీటలో జరిగేదీ ఇదే. స్ప్రింగు బలం చాలక నాలుక పళ్లలో పడదు. మీట ఖాళీగా ఊగుతుంది, తీగ కదలదు. 8 గేర్ల షిమానో మీటలో ఒక్కో మెట్టుకు తీగ కదిలేది 3 మి.మీ. లోపే కనుక, కొద్దిపాటి జిగురు కూడా గేరు తప్పడానికి చాలు.

అయితే దోషం మీటదా, తీగదా అన్నది ముందు తేల్చాలి. గొలుసును వెనుక చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, డిరైలర్ దగ్గర తీగను విప్పి మీటను నొక్కాలి. మీట స్పష్టంగా 'టక్' మంటే దోషం తీగలోనో, తొడుగులోనో ఉన్నట్టు. తుప్పు పట్టిన తీగను, మురికి నిండిన తొడుగును మార్చాలి. మీట తల దగ్గర తీగ పోగులు తెగి లోపల చిక్కుకోవడం కూడా జరుగుతుంది. తీగ లేకపోయినా మీట ఖాళీగానే ఊగితే దోషం లోపలి జిగురుది.

అప్పుడు పిడి మీది రబ్బరు తొడుగును వెనక్కి మడిచి, గ్రీజును కరిగించే పలుచని స్ప్రే నూనెను మీట సందుల్లోకి కొట్టి, రెండు మీటలనూ మార్చి మార్చి పలుమార్లు నొక్కాలి. నల్లని మురికి కారిపోయేదాకా ఈ పని తిరిగి చేయాలి. చప్పుడు తిరిగి వచ్చాక కొత్తగా పలుచని నూనె వేయాలి. చిక్కని గ్రీజు వేస్తే కొన్నాళ్లకు అదే జబ్బు తిరగబెడుతుంది. స్ప్రే బ్రేకు కట్టెల మీద, రిమ్ము మీద, డిస్కు మీద పడకుండా గుడ్డ కప్పాలి. లోపలి స్ప్రింగులు అతి చిన్నవి కనుక మీటను పూర్తిగా విప్పకపోవడం మేలు. నాలుకో, పళ్లో అరిగిపోయి ఉంటే మాత్రం మీట మార్చక తప్పదు.

బోనకల్ పెద్దాయన ఈ క్రమాన్నే పాటించారు. ఫ్రీవీల్‌కు కిరసనాయిలు పోసి తిప్పి మురికి కడిగి, ఆపైన పలుచని నూనె వేయడం ఆయన చేతికి అలవాటైన పద్ధతి. రబ్బరును, ప్లాస్టిక్‌ను కిరసనాయిలు చెడగొట్టవచ్చునని గ్రహించి, మీటకు స్ప్రే నూనె తెప్పించారు. ఆ మీట నేటికీ పనిచేస్తోంది.

5. 'ఓవరాయిలింగ్' – పదం చెప్పే సాక్ష్యం:

సైకిల్ దుకాణాల్లో యంత్రాన్ని పూర్తిగా విప్పి కడిగి బిగించే పనిని 'ఓవరాయిలింగ్' అనడం వింటాం. దీని మూలం 'ఓవర్‌హాలింగ్' అనే ఇంగ్లీషు పదం. ఆసుపత్రి, లాంతరు వంటి ఆదానపదాల్లో జరిగినది ప్రధానంగా ధ్వనిమార్పు. 'ఓవరాయిలింగ్'లో ధ్వనితోపాటు అర్థం కూడా పనిచేసింది. తెలియని 'హాల్' స్థానంలో, తన చేతిలో నిత్యం ఉండే 'ఆయిల్'ను మెకానిక్ విన్నాడు. ఇది జానపద వ్యుత్పత్తికి చక్కని ఉదాహరణ.

పదంలో నూనె చేరినా, పనిలో కడగడం పోలేదు. ఇరుసు, కప్పులు, గోళీలు విప్పి, కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, ఆ తరువాతే నూనె, గ్రీజు వేయడం ఓవరాయిలింగ్ పద్ధతి. పదాన్ని మాత్రమే తీసుకొని పనిని వదిలేస్తే, పట్టేసిన మీట మీద మరింత నూనె పోయడమే మిగులుతుంది. పాత జిగురును తీయకుండా కొత్త నూనె పోయడం సమస్యను వాయిదా వేయడమే. పదం అర్థం నిఘంటువులో కన్నా పనివాడి చేతిలో సమగ్రంగా ఉందనడానికి ఇది నిదర్శనం.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాల, 1971లో చేనేత పదాల వృత్తిపదకోశాలను వెలువరించింది. పదంతోపాటు పనిముట్టునూ, పని తీరునూ నమోదుచేయాలన్న దృష్టి వాటి బలం. అదే శ్రద్ధ సైకిల్ మరమ్మతు వంటి ఆధునిక వృత్తులకూ దక్కాలి. ఈ పదాలు ఇంగ్లీషు నుంచి వచ్చినవన్న కారణంతో వాటిని పక్కన పెట్టడం తగదు. వచ్చిన పదం ఇక్కడ ఏ పని నేర్చుకొందన్నదే పరిశోధనాంశం.

6. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• గేరు మీట, ఫ్రీవీల్ రెండింటిలోనూ పళ్లచక్రం, స్ప్రింగు, ఉక్కు నాలుక ఒకే సూత్రంతో పనిచేస్తాయి. గ్రీజు జిగురు కావడం రెండూ పట్టేయడానికి ముఖ్య కారణం.

• కడిగి, ఆ తరువాత పలుచని నూనె వేసే పాత పద్ధతి, తగిన జాగ్రత్తలతో కొత్త యంత్రానికీ వర్తిస్తుంది.

• 'ఓవరాయిలింగ్' అనే పదం జానపద వ్యుత్పత్తికి ఉదాహరణ మాత్రమే కాక, ఒక పని క్రమానికి గుర్తు.

2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం మూతపడింది. 2023లో హైదరాబాద్ బాహ్యవలయ రహదారి పక్కన 23 కి.మీ. పొడవున సౌరఫలకాల కప్పుతో సైకిల్ బాట ప్రారంభమైంది. ఒకవైపు నల్ల సైకిల్ తగ్గుతుండగా, మరోవైపు గేర్ల సైకిల్ పెరుగుతోంది. ఈ రెంటి నడుమ వారధిగా నిలవగల మెకానిక్ జ్ఞానం కాగితం మీదికి రాలేదు. ఖమ్మం, మధిర, బోనకల్ దుకాణాల్లో పనిచేసే వృద్ధ మెకానిక్‌ల నుంచి పదాలను, పని క్రమాలను సేకరించడం ఒక పరిశోధక విద్యార్థికి తగిన అంశం. ఆ పని ఆ దుకాణాలు తెరిచి ఉన్నప్పుడే జరగాలి.