అడుగుకి పావంగుళం: నేను చేసిన దోని

కోరంగి అంటే ఇప్పుడు అందరికీ మడ అడవే గుర్తొస్తుంది. ఆదివారం పూట వెళ్ళి, చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. మా యానాం నుంచి కాకినాడ వెళ్ళే దారిలోనే కాబట్టి నేనూ చాలాసార్లు చూశాను. కానీ అది ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు అని, బర్మాలో మన తెలుగువాళ్ళని ఆ ఊరి పేరు మీదే ‘కోరంగీలు’ అని పిలిచేవారని పోయిన సంవత్సరం దాకా నాకు తెలీదు.

తొమ్మిదో తరగతిలో మా సోషల్ మాస్టారు, “మన ప్రాంతం చరిత్రలోంచి ఒక వస్తువుకి నమూనా చేసి తీసుకురండి” అన్నారు. నేను లేచి ఓడ చేస్తానండి అన్నాను.

“ఏ ఓడ?”

“కోరంగి ఓడండి.”

“దాని కొలతలు నీకెలా తెలుస్తాయమ్మా?”

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకి వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం.

నమూనాలు కూడా చరిత్రే

ముందు నేను బొమ్మ ఓడ వేరు, కొలతల ప్రకారం చేసిన నమూనా ఓడ వేరు అని తెలుసుకున్నాను. బొమ్మ చూడ్డానికి ఓడలా ఉంటే చాలు. నమూనాలో మాత్రం ప్రతి భాగం అసలు ఓడకి ఒకే పాళ్ళలో చిన్నదిగా ఉండాలి. కొన్నిచోట్ల అసలు ఓడలు పోయి నమూనాలే మిగిలాయి. స్పెయిన్‌లో మతారో అనే ఊరి దగ్గర ఒక చర్చిలో 15వ శతాబ్దపు చెక్క ఓడ నమూనా ఒకటి ఉండేది. మొక్కు తీర్చుకోవడానికి ఇచ్చింది. ఇప్పుడది నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ మ్యూజియంలో ఉంది. ఆ కాలం ఓడలు ఎలా కట్టేవారో తెలుసుకోవడానికి చరిత్రకారులు దాన్ని ఆధారంగా చూస్తారు. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో రాజుగారి యుద్ధనౌకలకి చేసిన నమూనాల్లో కింది భాగంలో పలకలు బిగించకుండా వదిలేసేవారు. లోపలి ఎముకలు బయటికి కనపడతాయి.

స్వీడన్ సంగతి ఇంకా విచిత్రం. వాసా అనే యుద్ధనౌక 1628 ఆగస్టు 10న మొదటిసారి బయల్దేరి, స్టాక్‌హోమ్ రేవు దాటకుండానే ఒరిగి మునిగిపోయింది. 1961లో పైకి తీశారు. అసలు ఓడే కళ్ళముందు ఉంది కాబట్టి దాన్ని కొలిచి, పదో వంతు పరిమాణంలో నమూనా చేసి, అప్పటి రంగులు కూడా వేసి పక్కనే పెట్టారు.

మరి కోరంగికి ఏం మిగిలింది? 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను ఉప్పెన ఆ రేవుని ముంచేసింది. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి ఆ కోరంగి తుఫాను గురించి కూడా రాశాడు. ఉప్పెనలతో పాటు గోదావరి తెచ్చే ఒండ్రు కూడా రేవుని పూడ్చింది. వ్యాపారం కాకినాడకి పోయింది. చెక్క ఓడలు కట్టే పని మాత్రం పక్కనే తాళ్ళరేవులో చాలాకాలం సాగింది.

కాగితం మీద ఓడ, తలలో ఓడ

మా అమ్మ వాళ్ళ నాన్న తాళ్ళరేవులోనే ఓడల పని చేశారు. నేను వెళ్ళి, “తాతయ్యా, ఓడ ప్లాను ఉంటే ఇవ్వవా?” అని అడిగాను.

తాతయ్య నవ్వారు. “ప్లానేంటే బుజ్జీ? మేం ఎప్పుడూ కాగితం పట్టుకోలేదు. మేస్త్రి అడుగు దూలం పరిచి, ముందు కొమ్ము, వెనక కొమ్ము నిలబెడితే ఓడ కళ్ళకి కనపడిపోయేది.”

ఈ మాట వింటే నాకు ట్రింకోమలీ అనే ఓడ కథ గుర్తొచ్చింది. అది ఇంగ్లీషు నౌకాదళం కోసం బొంబాయిలో వాడియా కుటుంబం వాళ్ళు టేకుతో కట్టిన యుద్ధనౌక. దాని ప్లాన్లు జావా అనే ఓడలో పంపించారు. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళతో జరిగిన యుద్ధంలో జావా నాశనమైపోయింది, ప్లాన్లూ పోయాయి. అప్పుడేం చేశారు? మళ్ళీ నకలు తీయించి పంపించారు. ఓడ 1817లో నీళ్ళలోకి దిగింది. ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో తేలుతూనే ఉంది.

కాగితం పోతే నకలు ఉంటుంది. మేస్త్రి పోతే నకలు ఎక్కడుంటుంది? తాతయ్యకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. ఆ రోజు నుంచి ఈ పని నాకు మార్కుల కోసం చేసే పనిలా అనిపించలేదు.

దొరికిన కొలతలు

మాస్టారు ఒక పాత ఇంగ్లీషు వ్యాసంలోంచి ఒక పేరా రాసి తెచ్చి ఇచ్చారు. సింహళంలో ఇంగ్లీషు నౌకాదళం ఓడల కర్మాగారంలో పెద్ద మేస్త్రిగా పనిచేసిన జాన్ ఎడీ 1834లో రాసింది. మన తీరం నుంచి సింహళానికి సరుకులు మోసే ‘దోని’ కొలతలు అందులో ఉన్నాయి. పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు భాగం బల్లపరుపు, మధ్యలో 7 అడుగుల వెడల్పు.

మన దేశీ పడవల్ని శ్రద్ధగా గీసిన ఇంకొకాయన ఫ్రెంచి నౌకాదళ అధికారి ఎడ్మోన్ పారీ. ఓడల్లో ప్రపంచం చుట్టి వస్తూ, వెళ్ళిన ప్రతి రేవులో అక్కడి పడవల్ని కొలిచి గీశాడు. అందులో మన కోరమాండల్ తీరం పడవలు కూడా ఉన్నాయి. ఆ పుస్తకం 1840లలో అచ్చయింది. తరవాత ఆయన పారిస్‌లో నౌకా మ్యూజియం అధికారి అయ్యి, ఆ బొమ్మల ప్రకారం నమూనాలు చేయించి పెట్టాడు. మన రేవుల్లో కుళ్ళిపోయిన పడవలకి చుట్టాలు పారిస్ అద్దాల బీరువాల్లో ఉన్నాయన్నమాట!

నేను ఎడీ కొలతలు తీసుకున్నాను. అడుగుకి పావంగుళం లెక్క, అంటే 48వ వంతు. 70 అడుగులు పదిహేడున్నర అంగుళాలు అయ్యాయి. వెడల్పు 5 అంగుళాలు, లోతు 3, అడుగు భాగం ఒకటీ ముప్పావు. ఈ లెక్కలో ఐదున్నర అడుగుల మనిషి అంగుళంన్నర కూడా ఉండడు.

మొదటి ఓడ

మొదటి ఓడని నేనొక్కదాన్నే చేశాను. పెద్ద పొరపాటు చేశాను. అడుగు బల్లపరుపుగా ఉంటే ఓడలా కాకుండా పెట్టెలా ఉందని, ట్రింకోమలీ ఫొటో చూసి అడుగుని గుండ్రంగా చేసేశాను. పలకలకి ఐస్‌క్రీం పుల్లలు అంటించాను. చాలా అందంగా వచ్చిందనుకుని తాతయ్య చేతిలో పెట్టాను.

తాతయ్య కళ్ళతో చూడలేదు. రెండు అరచేతులూ రెండు పక్కలా వేసి ముందు నుంచి వెనక దాకా తడిమారు. “ఎడం పక్క పొట్ట ఎక్కువుంది” అన్నారు. స్కేలు పెట్టి చూస్తే నిజంగానే దాదాపు పావంగుళం తేడా. అసలు ఓడలో అది ఒక అడుగు! తరవాత పుల్లని గోటితో గీరి, “దీని మందం ఎంత?” అన్నారు. రెండు మిల్లీమీటర్లు. 48తో హెచ్చవేస్తే దాదాపు నాలుగంగుళాలు. “నాలుగంగుళాల పలకని ఇలా వంచే మొనగాడు ఎవడే?” అని ఒకటే నవ్వు.

నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ ఓడని పారెయ్యలేదు. అది మంచిదే అయ్యింది, ఎందుకో తరవాత చెప్తాను.

రెండో ఓడ

రెండోది తాతయ్య అరుగు మీద కూర్చుని చేశాం. కొలతలు మూడుచోట్లవే ఉన్నాయి, మధ్యలో వంపు ఎలా తెలుస్తుంది అని అడిగాను. తాతయ్య బల్ల మీద మేకులు కొట్టించి, సన్నటి వెదురు బద్ద వాటి మధ్య వంచమన్నారు. “బద్ద విరక్కుండా ఎలా వంగుతుందో పలకా అలాగే వంగుతుంది. చెక్కకి ఇష్టంలేని వంపు ఓడకి పెట్టకూడదు.” ఆ బద్ద వెంట పెన్సిలుతో గీసుకున్నాను. మా వంశంలో గీసిన మొదటి ఓడ ప్లాను అదే.

అడుగు దూలానికీ ఎముకలకీ టేకు ముక్కలు వాడాం. అసలు ఓడల్లో ఎముకలకి పుట్టుకతోనే వంకర ఉన్న తుమ్మ కొమ్మలు వెతికేవారట. తిన్నటి చెక్కని కోసి వంపు తెస్తే నార తెగి బలం ఉండదట. పలకలకి ఒక మిల్లీమీటరు చెక్క పొర తెచ్చి, వేడినీళ్ళలో నానబెట్టి, బట్టల క్లిప్పులతో రాత్రంతా పట్టి ఉంచాం. ఎడం పక్క ఒక పలక, కుడి పక్క ఒక పలక, ఇలా మార్చి మార్చి బిగించాలి. ఒక పక్కే బిగించుకుంటూ పోతే అది అటు లాగేస్తుంది. నా మొదటి ఓడ పొట్ట రహస్యం అదే! సందుల్లో నూలు దూర్చి గుగ్గిలం, నూనె కలిపి పూశాం. తెరచాపకి తాతయ్య పాత పంచె ముక్క, తాళ్ళకి వల అల్లే నూలు. మొత్తం రెండున్నర నెలలు పట్టింది.

ఒడ్డున చూసింది

ఎడీ ఆ దోని గురించి చాలా చులకనగా రాశాడు. మోటుగా ఉందని, సముద్రానికి పనికిరాదని ఆయన అభిప్రాయం. అది చదివి వినిపిస్తే తాతయ్యకి కోపం రాలేదు. “పనికిరాని ఓడ సింహళం ఎలా ఎళ్ళొచ్చిందో ఆయన్నే అడక్కపోయావా?” అన్నారు.

ఎడీని అడగలేం కానీ ఓడనే అడగొచ్చు కదా అనిపించింది. ఒక సాయంత్రం రెండు నమూనాలూ తీసుకుని గౌతమి ఒడ్డుకి వెళ్ళాం. పొడవు 48 వంతులు తగ్గితే ఓడ పట్టే బరువు 48ని మూడుసార్లు హెచ్చవేసినన్ని వంతులు, అంటే 1,10,592 వంతులు తగ్గుతుంది. దోనిలో అర కిలో ఇసుక పోశాను. అది దాదాపు 55 టన్నుల సరుకుతో సమానం. స్కేలు పెడితే అంగుళంన్నర మునిగింది. అంటే అసలు ఓడకి ఆరడుగుల నీళ్ళు చాలు.

తరవాత రెండింటినీ ఒడ్డున బురద మీద, పాటు పోతున్న నీళ్ళలో వదిలాం. నీళ్ళు వెనక్కి తగ్గాక గుండ్రటి అడుగున్న నా మొదటి ఓడ పక్కకి ఒరిగిపోయింది, ఇసుక మొత్తం ఒలికిపోయింది. దోని మాత్రం పీట వేసినట్టు నిటారుగా కూర్చుంది. “చూశావా? మన ఓడ సముద్రం మీద తేలితే సరిపోదే. బురద మీద కూచోవాలి కూడా” అన్నారు తాతయ్య.

అప్పుడు నాకు అర్థమైంది. గోదావరి మొగల్లో ఇసుక మేటలు ఎక్కువ, లోతు తక్కువ. లోతైన రేవుల్లో ఓడలు కట్టేవాళ్ళకి ఈ బల్లపరుపు అడుగు చేతకానితనంలా కనపడొచ్చు. ఇక్కడివాళ్ళకి అది అవసరం. నా చిన్న ఓడలు రెండూ దీన్ని రుజువు చేశాయని నేను చెప్పను. పెద్ద కెరటాల్లో దోని ఎలా ఉండేదో నేను చూడలేదు, ఆ విషయంలో ఎడీ మాట నిజం కావచ్చు. కానీ ‘మోటు’ అనే మాట ఒక్కటే పట్టుకుని మన మేస్త్రుల్ని తూచెయ్యకూడదని మాత్రం చెప్పగలను.

చీటీ మీద ఏం రాశాను

ఎగ్జిబిషన్ రోజున ఓడ పక్కన పెట్టే చీటీ రాయడానికే ఎక్కువ టైము పట్టింది. మాస్టారు మొదటిరోజు అడిగిన ప్రశ్న అలాగే ఉంది కదా. అందుకే మూడు వరసలు గీశాను. మొదటి వరసలో ‘రాతలో ఉన్నది’: పొడవు, వెడల్పు, లోతు, బల్లపరుపు అడుగు. ఇవి తీరమంతటి దోని కొలతలు, కోరంగిలో కట్టిన ఒక్క ఓడవి కావు అని కూడా రాశాను. రెండో వరసలో ‘తాతయ్య చెప్పింది’: వంపు, తుమ్మ ఎముకలు, గుగ్గిలం, పలకలు బిగించే వరస. మూడో వరసలో ‘నేను ఊహించింది’: తెరచాప రంగు, తాళ్ళు కట్టిన పద్ధతి, లంగరు.

తాతయ్యకి చదివి వినిపించాను. అంతా విని, “మూడో వరస ఎక్కువే ఉందే” అన్నారు. అవును, ఉంది. శాతవాహనుల నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉందని మన పుస్తకంలో చదువుకుంటాం. అంత పాత ఓడల సంగతి మన చేతుల్లో లేదు. కానీ తాళ్ళరేవులో, కోరంగిలో ఓడ పని చేసిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. సెలవుల్లో తాతయ్యని తీసుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి ఒక నోటుబుక్కు నిండింది. మూడో వరసలో ఉన్న లంగరు రెండో వరసలోకి వచ్చింది.

మీ ఇంట్లో కూడా ఓడ పని, వల పని, మగ్గం పని చేసిన తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే ఈ సెలవుల్లోనే ఒక స్కేలు, ఒక నోటుబుక్కు పట్టుకుని వాళ్ళ పక్కన కూర్చోండి. ట్రింకోమలీ ప్లాను లాగా దానికి ఇంకో నకలు ఎక్కడా లేదు.